మెత్తబరిచి చెప్పిన మాట

నొయెమీ అర్రెగీన్ పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఆమెను జ్ఞానస్నానానికి చర్చిలోకి ఎత్తుకెళ్ళింది నేనే. ఆమెకు నేను జ్ఞానతల్లిని. నన్ను పిన్నీ అంటుంది. వాళ్ళ నాన్న చెమా, నా భర్త ఒకే తోటలో నిచ్చెనలెక్కి ఆపిల్స్ కోసినవాళ్ళు. ఇప్పుడు చెమాకి మోకాళ్ళు పోయాయి, నా భర్తే లేడు. నేను ఊరి స్కూలు వంటశాలలో పిల్లలకు వడ్డిస్తాను. కాబట్టి నొయెమీకి జరిగినదాంట్లో సగం కళ్ళారా చూశాను, మిగతా సగం ఆమె నోటే విన్నాను. నలుగురికీ చెప్పనా అని అడిగితే వద్దనలేదు. "నన్ను వెనకేసుకు రాకుండా చెప్పు" అంది.

యాకిమా లోయలో మాది తోటల మీద బతికే ఊరు. స్కూల్లో పిల్లలు దాదాపు అందరూ మావాళ్ళే. తల్లిదండ్రులో తాతలో మెక్సికో నుంచి కోతలకొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. టీచర్లు మాత్రం కొండ అవతలి పట్నం నుంచి వచ్చే తెల్లవాళ్ళు. పొద్దున కార్లలో దిగుతారు, సాయంత్రం కార్లెక్కి వెళ్ళిపోతారు. చెడ్డవాళ్ళని కాదు. పిల్లల పేర్లు నోరు తిరక్కపోయినా నేర్చుకునే ప్రయత్నం చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ పిల్లవాడి అమ్మ ఎదురొస్తే నవ్వడం తప్ప ఒక్క మాట మాట్లాడలేరు.

అలాంటి స్కూల్లో నొయెమీ మూడో తరగతి టీచరైంది. ఆ రోజు మా వీధిలో పెద్ద గంగాళంలో మొక్కజొన్నలు, మాంసం వేసి పొసోలే పులుసు వండారు. చెమా తాగకుండానే తాగినవాడిలా ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నాడు. "నా కూతురు కాయ కొయ్యదు. కాయ మీద లెక్కలు చెబుతుంది" అన్నాడు.

మొదట్లో ఆమె ఒక్కతే కాదు. ఐదో తరగతికి ఎఫ్రేన్ అని మావాడే ఉండేవాడు. ఆఫీసులో సొకొర్రో ఉండేది, తల్లిదండ్రులు వస్తే ఆమే దుబాసీ. ఎఫ్రేన్ తరగతిలోకి ఏ తరగతి అల్లరి మగపిల్లాడినైనా తోలేసేవాళ్ళు. "వాళ్ళు నీ మాటే వింటారు" అనేవాళ్ళు. ఒకరోజు వంటశాల గుమ్మంలో నిలబడి, "చదువు చెప్పడానికొచ్చానక్కా, కాపలా కాయడానికి కాదు" అన్నాడు. ఆ వేసవికి తకోమా వెళ్ళి ఫోన్ల కంపెనీలో చేరాడు. సొకొర్రో ఉద్యోగం మానేసి ఫ్రెస్నోలో కూతురి దగ్గరికి వెళ్ళింది. ఆమె చోటులో ఎవరినీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే ఒకటే జవాబు. నొయెమీ ఉందిగా.

ఆ "ఉందిగా" నొయెమీ ప్రాణం మీదికొచ్చింది. తరగతిలో భిన్నాలు చెబుతూ ఉంటుంది. గోడమీద మైకు గరగరలాడి, మిస్ అర్రెగీన్ ఒకసారి ఆఫీసుకి రావాలంటుంది. చాక్‌పీసు బల్లమీద పెట్టి పోతుంది. జ్వరమొచ్చిన పిల్ల తల్లికి చెప్పాలి, బస్సు మారిందని చెప్పాలి, ఎవడో ఎవడినో కొట్టాడని చెప్పాలి. తిరిగొచ్చేసరికి తరగతి సంతలా ఉంటుంది. ఏడాది చివర పరీక్షల్లో ఆమె పిల్లల మార్కులు తగ్గాయని మళ్ళీ ఆమెకే చెప్పేవాళ్ళు, కాస్త జాలిగా.

ఆమె దుబాసీ పనిలో ఒక నేర్పుంది. ప్లుతార్కో అని ప్యాకింగ్ షెడ్డులో ట్రాలీ తోసే మనిషి ఉన్నాడు. వాళ్ళబ్బాయి పక్కవాడి చెయ్యి కొరికాడని పిలిపించారు. డాల్ అనే టీచరమ్మ చేతులు కట్టుకుని, "ఇంట్లో వీడికి మంచీ చెడూ చెప్పే దిక్కు లేదా, అడుగు" అంది. నొయెమీ ప్లుతార్కో వైపు తిరిగి, "ఇంట్లో బాబు ఎక్కువ ఎవరి దగ్గరుంటాడని అడుగుతున్నారండీ" అంది. ప్లుతార్కో మీసం కొరుక్కుంటూ, "ఆవిడ మొహం చూడు, ఉప్పులేకుండా ఉడకేసిన బంగాళాదుంపలాగ. మా వాడు ఊరికే కొరుకుతాడా? ఆ రెండోవాడు ముందేం వెలగబెట్టాడో అడుగు" అన్నాడు. నొయెమీ డాల్ వైపు తిరిగి, "కొరకడానికి ముందు ఏం జరిగిందో తెలుసుకోవాలని ఉందట" అంది. ఇద్దరూ చేతులు కలుపుకుని మర్యాదగా విడిపోయారు. ఈ సంగతి వంటశాలలో చెబుతూ నొయెమీ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ మొహమాటం చిన్నప్పటినుంచీ ఉన్నదే. ఇంగ్లీషు వచ్చిన పిల్ల అని వీధంతా అరువు తీసుకునేవాళ్ళు. "చెమా, నీ కూతుర్ని ఒక గంట పంపించు, కరెంటు ఆఫీసుకెళ్ళాలి" అనేవాళ్ళు, ఆసుపత్రికనేవాళ్ళు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళని తిట్టుకునే మాటలు ఒక చిన్నపిల్ల నోట్లోంచి పోవాలి. ఎలా అంటుంది? గరుకుగా ఉన్నదాన్ని నున్నగా చేసి చెప్పడం అలవాటు చేసుకుంది. అందరూ మెచ్చుకున్నారు. ఎంత మంచి పిల్ల అన్నారు.

ఫిదెన్సియో బౌతీస్తా చెమా వాళ్ళతోనే కోతలకెళ్ళేవాడు, వయసులో కొంచెం చిన్న. నొయెమీని ఎత్తుకుని ఆడించినవాడు. నొయెమీ ఆయన్ని మావయ్యా అనేది. భార్య రెమెదియోస్ ప్యాకింగ్ షెడ్డులో పళ్ళు ఏరుతుంది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన కూతురు యారెత్సీ. రెండో తరగతిలో ఆ పిల్ల నోరు విప్పేది కాదు. నా వడ్డన వరసలో మాత్రం మూసేది కాదు. వాళ్ళ కుక్క ఎలా అలిగిందో, ఫోన్లో అమ్మమ్మ ఏ పాట పాడిందో, ఊడిన పన్ను ఎక్కడ దాచిందో, గరిటె పట్టుకుని నేను ఎదురుచూస్తున్నా వదిలేది కాదు. అంతా మా భాషలో. టీచరు వచ్చి ఇంగ్లీషులో ఏదైనా అడగ్గానే చెప్పుల వైపు చూసేది.

చలికాలంలో ఆ పిల్లను పరీక్ష చేశారు. బొమ్మలు చూపించి, ఇంగ్లీషులో ప్రశ్నలడిగి. తర్వాత తల్లిదండ్రుల్ని పిలిపించారు. రెమెదియోస్‌కి షెడ్డులో సెలవు దొరకలేదు. ఫిదెన్సియో ఒక్కడే వచ్చాడు, చర్చికి వేసుకెళ్ళే చొక్కా వేసుకుని, టోపీ మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చున్నాడు. బల్లకు అటువైపు ప్రిన్సిపాల్ లిండ్‌క్విస్ట్, రెండో తరగతి టీచరు, పరీక్ష చేసినావిడ, ఇంకా ఎవరెవరో. మైకులో పిలిస్తే నొయెమీ పాఠం మధ్యలో లేచి వచ్చింది. ఏ విషయం మీదో కూడా తెలియదు. గుమ్మంలోనే ప్రిన్సిపాల్, "నీ అభిప్రాయం కలపకు, మా మాట అటు చేరిస్తే చాలు" అని మెల్లగా చెప్పింది. అంతకుముందు ఒకసారి ఎవరో తల్లి తరఫున నొయెమీ మాట్లాడబోతే ఇబ్బందయిందట.

పరీక్ష చేసినావిడ చెప్పింది. పాప తెలివి వయసుకు తగ్గట్టు ఎదగలేదు. మామూలు తరగతిలో నెగ్గుకురాలేదు. రోజంతా ప్రత్యేకమైన గదిలో ఉంచాలి. మళ్ళీ మామూలు తరగతికి వస్తుందని మాట ఇవ్వలేం.

నొయెమీకి ఆ మాటలు ఇంగ్లీషులో తెలుసు, కాలేజీలో చదువుకుంది. మా భాషలో ఏమంటారో తెలియదు. ఆమె మాట్లాడే మా భాష వంటింటి భాష, తోట భాష. తెలిసిన మాటలతో చెప్పాలంటే, నీ కూతురు తెలివితక్కువది అని చెప్పాలి. తనను భుజాలమీద కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషికి చెప్పాలి.

"పాపకి చదువులో కాస్త సాయం కావాలంటున్నారు మావయ్యా" అంది. "తక్కువమంది పిల్లలుండే చిన్న గది ఉంది. అక్కడ విడిగా చూసుకుంటారట."

"విడిగానా? మా పిల్లనే?"

"ఆఁ."

"అయితే మంచిదేగా అమ్మాయ్." ఫిదెన్సియో టోపీ అంచు తడుముకున్నాడు. "నువ్వేమంటావ్?"

నొయెమీ గోడ గడియారం చూసింది. తన తరగతి గోల గోడ అవతల వినిపిస్తోంది. ఆ పిల్ల వరసలో నాతో చెప్పే కబుర్లు ఆమె చాలాసార్లు విన్నది. ఏ లోటూ లేదని ఆమెకు తెలుసు.

"ఏమంటున్నారాయన?" అని ప్రిన్సిపాల్ అడిగింది.

"ఒప్పుకుంటున్నారు" అంది నొయెమీ.

ఫిదెన్సియో చూపించిన చోట సంతకం చేశాడు. లేచి అందరికీ దండాలు పెట్టి, నొయెమీ తలమీద చెయ్యి వేసి, "దేవుడు నిన్ను చల్లగా చూడాలమ్మా. మనవాళ్ళు లోపల ఒకరుంటే ఎంత ధైర్యం" అన్నాడు. ఆ రోజు ఆమె భోజనం ముట్టలేదు. ఏమైందే అంటే, "ఏం లేదు పిన్నీ, తలనొప్పి" అంది.

వరండా చివర ఉండే ఆ గదిలో తప్పేం లేదు. అక్కడి టీచరు ఓపిక ఉన్న మనిషి. తమంతట తాము తినలేని, నిలబడలేని పిల్లలుండేవాళ్ళు. ఆ పిల్లలకు ఆ గది కావాలి. యారెత్సీకి అక్కర్లేదు, అంతే. ఇప్పుడు ఆ గది పిల్లలతో కలిసి అందరికంటే ముందు భోజనానికొచ్చేది. కొన్నాళ్ళు అక్కడి పిల్లల గురించి చెప్పింది. తర్వాత కుక్క గురించి చెప్పడం మానేసింది. తర్వాత పళ్ళెం పట్టుకుని ఊరికే నిలబడేది. నొయెమీ వరండాలో ఆ పిల్ల ఎదురైతే తల నిమిరి గబగబా నడిచేది. అలా నడవడం నేను గమనించాను. కారణం అప్పుడు తెలియదు.

ఆపిల్ పూత రాలి, చెర్రీ కోతలు ఇంకా మొదలుకాని రోజుల్లో స్కూల్లో ఒక సాయంత్రం తల్లిదండ్రులందరినీ రమ్మంటారు. పిల్లల గదులు చూడొచ్చు. ఫిదెన్సియో, రెమెదియోస్ ఇద్దరూ వచ్చారు. కూతుర్ని విడిగా చూసుకుంటున్న టీచరు కోసమని బేకరీలో గవ్వల ఆకారంలో చేసే తియ్యరొట్టెలు పెట్టెనిండా తెచ్చారు. మేము వరండాలో కాఫీ పోస్తున్నాం. వాళ్ళు గది వెతుక్కుంటూ నా ముందునుంచే వెళ్ళారు. రెమెదియోస్ నాకు చెయ్యి ఊపింది.

చాలాసేపటికి బయటికొచ్చారు. పెట్టె ఫిదెన్సియో చేతిలోనే ఉంది. తర్వాత తెలిసింది. లోపల గోడమీద రంగుల బొమ్మలు చూసి, "రోజూ ఏం చేస్తావే?" అని తల్లి అడిగితే, "ఎరుపువి ఎరుపులో, నీలంవి నీలంలో వేస్తానమ్మా. నాకు అన్నీ వచ్చు" అందట ఆ పిల్ల.

నొయెమీ తన తరగతి ముందు నలుగురు తల్లుల మధ్య నిలబడి ఉంది. ఫిదెన్సియో వెళ్ళి పక్కన ఆగాడు. ఆ తల్లులు మాటలు ఆపి జరిగారు.

"టీచరుగారూ" అన్నాడు. "ఆ రోజు బల్ల దగ్గర వాళ్ళు ఏమన్నారు? వాళ్ళన్న మాటల్లోనే చెప్పండి."

ఆమెను ఆయన ఎన్నడూ మీరు అనలేదు.

"మావయ్యా, లోపలికి వెళ్ళి మాట్లాడదాం."

"ఇక్కడే చెప్పండి. ఆ రోజూ అందరి ముందే కదా."

ఆమె చెప్పింది. ఈసారి ఒక్క మాట కూడా తగ్గించలేదు. తెలివి ఎదగలేదన్నారని, మళ్ళీ మామూలు తరగతికి వస్తుందని మాట ఇవ్వలేమన్నారని. చుట్టూ ఉన్న తల్లులు నేల చూశారు. యారెత్సీ తల్లి వెనక చాటున కాదు, ఎదురుగానే నిలబడి అంతా విన్నది.

"ఇది అప్పుడే చెప్పుంటే నేను వద్దనేవాణ్ణి" అన్నాడు ఫిదెన్సియో. గొంతు పెంచలేదు.

రెమెదియోస్ మాత్రం ముందుకొచ్చింది. "వాళ్ళకి మా భాష రాదు. వాళ్ళనేం అంటాను? నీకు వచ్చుగా" అంది.

అంతే. పెట్టె నా కాఫీ బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ రొట్టెలు ఎవరూ తీసుకోలేదు. నొయెమీ మిగిలిన తల్లులతో ఏదో మాట్లాడబోయింది. ఒక తల్లి, "పర్లేదు టీచరమ్మా, మళ్ళీ వస్తాం" అని పిల్లాణ్ణి లాక్కుపోయింది.

ఆ తర్వాత ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. బేకరీలో లోపలికెళ్తే మాటలు ఆగిపోయేవి. తల్లులు స్కూలుకొచ్చేటప్పుడు పెద్ద తరగతుల్లో చదివే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు, దుబాసీకి. నొయెమీ గది ముందునుంచే వెళ్ళేవాళ్ళు. "ఆమె వాళ్ళ మనిషి" అని ఎవరో అన్నారు, అది ఆమె చెవిన పడనే పడింది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి చివరి బల్లకు మారింది. ప్రార్థన పూర్తికాకముందే లేచిపోయేది.

ఇంట్లో చెమా కూతుర్ని తిట్టలేదు. ఒకరోజు నాతోనే అన్నాడు. "ఫిదెన్సియో కనిపించాడు వదినా. బాగున్నావా అన్నాడు. మోకాళ్ళెలా ఉన్నాయన్నాడు. వాడు తిట్టుంటే ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి." పక్క గదిలో నొయెమీ ఉంది. వినిపించే ఉంటుంది.

ఇదే సమయంలో జిల్లా స్కూళ్ళ ఆఫీసువాళ్ళు ఆమె ఫోటో పెద్ద బోర్డుమీద వేసి హైవే పక్కన పెట్టారు. పిల్లల మధ్య నొయెమీ నవ్వుతూ ఉంటుంది. కింద, మా పిల్లల్లాంటి టీచర్లు మాకు ఇంకా కావాలి అని ఉంటుంది. ఫోటో తీసింది ముందటేడు. బోర్డు పెట్టింది ప్యాకింగ్ షెడ్డుకెళ్ళే మలుపులో. రెమెదియోస్ రోజూ పనికెళ్ళేది ఆ దారినే. నొయెమీ ఇంటికి రావడానికి బీరులో వేసే హాప్స్ తీగల తోటల వెనకనుంచి చుట్టు తిరిగి రావడం మొదలుపెట్టింది.

ధైర్యం కూడగట్టుకుని ప్రిన్సిపాల్ గదికెళ్ళింది. "యారెత్సీని మా భాషలో మళ్ళీ పరీక్ష చేయించండి. ఆ పిల్లకు లోటేమీ లేదు" అంది.

లిండ్‌క్విస్ట్ కళ్ళజోడు తీసింది. "అప్పుడు నువ్వేమీ అనలేదేం?"

"మీరు నా అభిప్రాయం కలపొద్దన్నారు."

"అన్నాను. కానీ ఆయన ఒప్పుకున్నాడని నువ్వే చెప్పావు కదా. అది నీ అభిప్రాయమా, ఆయన మాటా?"

నొయెమీ ఆ ఆడమనిషి మీద కోపం తెచ్చుకుందామనుకుని వెళ్ళింది, కోపం కూడా మిగల్లేదు. తిన్నగా వంటశాలకొచ్చి గోధుమపిండి డబ్బామీద కూర్చుంది. అప్పుడు నాకు మొత్తం చెప్పింది. "నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదనుకుంటూ వచ్చాను పిన్నీ, ఇన్నాళ్ళూ. ఎవరి మనసూ నొప్పించలేదనుకున్నాను. అసలు నొప్పించాల్సిన చోట నొప్పించకపోవడానికి నేనెవర్ని?"

నేను ఓదార్చబోయాను. "ఒక్కదాన్ని చేసి అన్ని పనులూ నెత్తిన పెడితే" అన్నాను.

"అదీ నిజమే. కానీ ఆయన అడిగాడు పిన్నీ. నువ్వేమంటావ్ అని అడిగాడు."

వేసవి సెలవుల ముందు ఉద్యోగం మానేస్తానని చెప్పేసింది. పట్నంలో బీమా ఆఫీసులో చోటుంది. లిండ్‌క్విస్ట్ నిజంగా కంగారుపడింది. "నువ్వంటే మాకెంత ఇష్టమో నీకు తెలీదు. ఉండాలంటే ఏం చెయ్యాలో చెప్పు" అంది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని నొయెమీ అంది. ఆ ప్రశ్న ఎఫ్రేన్‌ని అడిగుంటే ఎంత బాగుండేదని కూడా అంది.

"బయటినుంచి దుబాసీని పిలిపించి ఆ తల్లిదండ్రుల్ని మళ్ళీ కూర్చోబెట్టండి. నేనూ కూర్చుంటాను, టీచరుగా. తర్వాత సొకొర్రో చోటులో మనిషిని పెట్టండి. నన్ను నా తరగతిలో ఉండనివ్వండి" అంది ప్రిన్సిపాల్‌తో.

లిండ్‌క్విస్ట్ మొదటిదానికి వెంటనే సరేనంది. రెండోదానికి చూద్దామంది.

ఆ సమావేశానికి యాకిమా నగరం నుంచి లియాంద్రో అని ఒక దుబాసీ వచ్చాడు. బూడిదరంగు కోటు, నవ్వని మొహం. ఎవరేమంటే అది, పొల్లు పోకుండా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. ఫిదెన్సియో, రెమెదియోస్ పక్కపక్కన కూర్చున్నారు. నొయెమీ బల్లకు ఈ చివర.

లిండ్‌క్విస్ట్ మొదలుపెట్టబోతే నొయెమీ ముందు తనకు మాట్లాడాలని ఉందంది. మొదట ఇంగ్లీషులో చెప్పింది, తర్వాత మా భాషలో. ఆ రోజు ఈ తండ్రికి నేను సరిగ్గా చెప్పలేదు. ఆయన ఒప్పుకోలేదు, నన్ను అడిగారు. ఒప్పుకున్నారని నేనే చెప్పేశాను. పరీక్ష చేసినావిడ ముక్కు రుద్దుకుంది. రెండో తరగతి టీచరు కాగితాలు సర్దుకుంది.

రెమెదియోస్ లియాంద్రో వైపు తిరిగింది. "ఆవిణ్ణి అడగండి. మా ఆయన నువ్వేమంటావని అడిగినప్పుడు ఆవిడ మనసులో ఏముందో."

ఇద్దరిదీ ఒకటే భాష. ఒకటే వీధి. లియాంద్రో ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత తన పని తాను చేశాడు. ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి, నొయెమీకి చెప్పాడు. నొయెమీ అది రెండుసార్లు వింది.

"యారెత్సీలో ఏ లోటూ లేదని" అంది, మా భాషలోనే. "భయపడుతోందని. ఇంగ్లీషులో అడిగితే భయపడుతుందని."

"మరి చెప్పలేదేమని అడగండి."

లియాంద్రో అడిగాడు. నొయెమీ పెదవులు కదిలాయి. "వీళ్ళందరూ కూర్చుని ఉన్నారు. మీకు మొహం మీద చెప్పడానికీ, వీళ్ళకు ఎదురు చెప్పడానికీ, రెంటికీ నాకు నోరు రాలేదు" అంది. ఎవరూ ఓదార్చలేదు. రెమెదియోస్ తల ఊపింది, లెక్క సరిపోయిందన్నట్టు కాదు, విన్నానన్నట్టు.

వేసవిలో వేరే ఊరునుంచి ఒకావిడ వచ్చి యారెత్సీని మా భాషలో పరీక్ష చేసింది. కుక్క గురించే ఆ పిల్ల ఆపకుండా మాట్లాడిందట. ఏ లోటూ లేదని తేలింది. చదువు మాత్రం వెనకబడి ఉంది, వెనకబెట్టాం కాబట్టి. బడి తెరిచాక మూడో తరగతిలో వేస్తామన్నారు. లిండ్‌క్విస్ట్ సంతోషంగా, "నొయెమీ తరగతిలోనే వేద్దాం" అంది. మంచి చేస్తున్నాననే అనుకుంది పాపం.

ఫిదెన్సియో టోపీ తిప్పుకుంటూ, "వేరే టీచరైతే బాగుంటుందండీ" అన్నాడు.

మూడో తరగతికే ఇంకో టీచరు, హౌగెన్ అనే ఆయన తరగతిలో వేశారు. పొడుగాటి మనిషి, మా భాషలో ఆయనకు వచ్చింది నమస్కారం ఒక్కటే, అదీ తప్పుగా. నొయెమీ గదికి ఎదురు గది ఆయనది. తలుపులు తీసి ఉంటే యారెత్సీ వెనక జడ కనిపిస్తుంది. ఆయనకు ఏ పాఠం ఎలా చెబితే ఆ పిల్లకు అందుతుందో నొయెమీ సాయంత్రాలు కూర్చుని చెప్పేది. తనే చెప్పిందని ఆ పిల్ల ఇంట్లో తెలియనివ్వొద్దని బతిమాలింది. హౌగెన్ యారెత్సీ అమ్మానాన్నలు పంపిన తియ్యరొట్టె తింటూ, "నేను చెప్పను గానీ, నాకు వచ్చే పొగడ్తలన్నీ దొంగసొత్తులాగ ఉన్నాయి" అన్నాడట.

ఆమె బీమా ఆఫీసుకి వెళ్ళలేదు. ఎందుకని అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చెబుతుంది. వెళ్ళిపోతే తప్పించుకున్నట్టు ఉంటుందని ఒకసారి, పిల్లలని ఒకసారి. సొకొర్రో చోటులో మనిషిని పెట్టేదాకా లిండ్‌క్విస్ట్ గది ముందు కూర్చునేది. చివరికి వారంలో సగం రోజులు వచ్చే దుబాసీని పెట్టారు. సాయంత్రాలు నొయెమీ పట్నం కాలేజీలో మా భాష నేర్చుకోవడానికి వెళ్ళింది. పుట్టి పెరిగిన భాషను నలభైకి దగ్గరపడి బల్లమీద కూర్చుని నేర్చుకోవడం చూసి చెమా ఆటపట్టించబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

మరుసటి ఏడు సిత్లాలి అనే కొత్త టీచరు చేరింది. పక్కనున్న సన్నీసైడ్ ఊరి పిల్ల, మావాళ్ళమ్మాయే, చురుకైనది. ఆ హైవే బోర్డు చూసే వచ్చిందట. చేరిన వారంలోనే డాల్ టీచరమ్మ ఆమె గది గుమ్మంలోకొచ్చి, "రెండు నిమిషాలు వస్తావా, ఒక తల్లి వచ్చింది, దుబాసీ ఇవాళ లేదు" అంది. సిత్లాలి లేవబోయింది. వరండాలో ఉన్న నొయెమీ మధ్యలోకొచ్చింది.

"ఆమె పాఠంలో ఉంది. ఆ తల్లిని రేపు రమ్మనండి, దుబాసీ ఉంటుంది" అంది.

"చిన్న విషయమే నొయెమీ."

"చిన్నదో పెద్దదో వెళ్ళి కూర్చున్నాక గానీ తెలియదు."

డాల్ ముఖం ముడుచుకుని వెళ్ళింది. మధ్యాహ్నం సిత్లాలి వంటశాలకొచ్చి నొయెమీ పక్కన కూర్చుంది. "మీరుండబట్టి బతికాను అక్కా. మీలాంటివాళ్ళు ముందునుంచీ ఉండటం నా అదృష్టం" అంది.

నొయెమీ చెంచా కింద పెట్టింది. "అలా అనకు. ముందు విను" అని, ఫిదెన్సియో మోకాళ్ళమీద టోపీ దగ్గరనుంచి మొత్తం చెప్పింది. నేను గిన్నెలు కడగడం ఆపాను. సిత్లాలి ముఖం మెల్లగా మారింది. ఆ చూపులో అభిమానం కాస్త తగ్గడం నాకే కనిపించింది, నొయెమీకి కనపడకుండా ఉంటుందా. అయినా ఆపలేదు.

"అంటే నన్ను పిలిస్తే వెళ్ళకూడదా?" అంది సిత్లాలి చివరికి.

"టీచరుగా వెళ్ళు. నీకేం అనిపిస్తే అది రెండు భాషల్లో చెప్పు. నీ వెనక నేనుంటాను. నా వెనక ఎవరూ లేరని కాదు నేనలా చేసింది. కానీ ఉంటే అలా చేసుండేదాన్ని కాదేమో."

సిత్లాలి పళ్ళెం పక్కకు జరిపి, "ఆ పాప ఇప్పుడెలా చదువుతోంది?" అని అడిగింది.

"నాలుగో తరగతికెళ్ళింది, భాగహారాలు చేస్తోంది" అంది నొయెమీ. "హౌగెన్ చెప్పాడు."

ఆ కొత్త టీచరు ఏడాది చివర వెళ్ళిపోతుందేమోనని నేను భయపడ్డాను. సిత్లాలి ఉండిపోయింది. ఈ ఏడు కూడా ఉంటానందని మొన్న నొయెమీ చెప్పింది. చెప్పి, తన పళ్ళెం తానే కడిగి బోర్లించి, పిల్లలు లోపలికొచ్చే లోపల తరగతికి వెళ్ళిపోయింది.